మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ నుంచి సాఫ్ట్‌వేర్‌కి: ఏ రోల్, ఏ భాష, ఎలాంటి ప్రాజెక్టు?

టార్క్‌రెంచ్:
మెకానికల్ డిగ్రీ. కాడ్, కొంత ఎఫ్ఈఏ (భాగాల మీద ఒత్తిడిని కంప్యూటర్‌లో లెక్కించడం), మ్యాట్‌ల్యాబ్, ఎక్సెల్ మాక్రోలు వచ్చు. సాఫ్ట్‌వేర్‌కి మారాలన్నది తేలిపోయింది కాబట్టి మారాలా వద్దా అన్న చర్చ వద్దు. ఉద్యోగం చేసుకుంటూ వారానికి పన్నెండు గంటల దాకా పెట్టగలను. అడిగేది మూడే: ఏ రోల్‌కి గురిపెట్టాలి, ఏ భాషతో మొదలుపెట్టాలి, ఎలాంటి ప్రాజెక్టు చేస్తే ఇంటర్వ్యూలో లెక్కలోకి తీసుకుంటారు?

రాత్రి_పాళీ:
ముందు రోల్ తేల్చుకోండి, భాష దాని వెంటే వస్తుంది. తేల్చుకోవడానికి పద్ధతి ఉంది. మీరు వెళ్లగలననుకునే ఉద్యోగ ప్రకటనలు ముప్పై ఏరి, ఒక్కొక్కదానిలో అడిగినవి షీట్‌లో ఎక్కించండి: భాష, డేటాబేస్, టూల్స్, ఎలాంటి పని. సగానికి పైగా ప్రకటనల్లో వచ్చినవి నేర్చుకోవాలి. ఒకటి రెండింటిలోనే కనిపించినవి ఎంత ఊరించినా పక్కన పెట్టాలి. కోర్సుల సిలబస్ కంటే ఆ షీట్ నమ్మదగింది. సిలబస్ రాసినవాళ్లు మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లు కారు.

బ్యాకెండ్ (సర్వర్ వైపు నడిచే కోడ్) అయితే పునాది ఇంతే: ఒక భాష గట్టిగా, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష), గిట్ (కోడ్ మార్పుల చరిత్ర ఉంచే టూల్), లినక్స్ కమాండ్ లైన్, హెచ్‌టీటీపీ (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి). హెచ్‌టీటీపీని చాలామంది దాటేస్తారు. సర్వర్ జవాబు కోడ్ 401 అంటే నువ్వెవరో తెలియలేదు అని, 403 అంటే నువ్వెవరో తెలుసు కానీ అనుమతి లేదు అని. పోస్ట్ రిక్వెస్ట్ (సర్వర్‌కి డేటా పంపేది) టైమౌట్ అయితే గుడ్డిగా మళ్లీ పంపకూడదు, ఎందుకంటే మొదటిది అవతల పని పూర్తిచేసి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండొచ్చు. అప్పుడు అదే ఆర్డర్ రెండుసార్లు నమోదవుతుంది. ఇలాంటివి తెలిసినవాళ్లకీ ఫ్రేమ్‌వర్క్ మాత్రమే తెలిసినవాళ్లకీ తేడా పది నిమిషాల్లో బయటపడుతుంది.

ఫర్మ్‌వేర్_పిన్ని:
మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు ఎంబెడెడ్‌ని (యంత్రాల లోపలి చిప్‌లకి కోడ్ రాయడం) ఎందుకు అంత తేలిగ్గా వదిలేస్తారో నాకు అర్థం కాదు. మోటారు కంట్రోల్, పీఐడీ (తేడాని బట్టి సరిదిద్దే కంట్రోల్ పద్ధతి), సెన్సర్ నాయిస్ ఇవన్నీ మీకు డిగ్రీలోనే పరిచయం. కంప్యూటర్ సైన్స్ వాళ్లు కష్టపడి నేర్చుకునే భాగం మీ దగ్గర ముందే ఉంది. మీకు లేనిది సీ భాష మీద పట్టు.

ఎస్‌టీఎం32 లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, చవక లాజిక్ అనలైజర్ ఒకటి చాలు. ఆర్డునో లైబ్రరీలతో ఎల్‌ఈడీ వెలిగించి ఆగిపోవద్దు. చిప్ రెఫరెన్స్ మాన్యువల్ తెరిచి, రిజిస్టర్లు చూసుకుంటూ యూఆర్ట్ (బైట్లని ఒక్కో బిట్‌గా పంపే సీరియల్ పోర్టు) డ్రైవర్ సొంతంగా రాయండి. ఇంటరప్ట్‌లో (నడుస్తున్న కోడ్‌ని ఆపి వచ్చే పిలుపు) వచ్చిన బైట్‌ని రింగ్ బఫర్‌లో (చుట్టూ తిరిగి నిండే చిన్న నిల్వ) వేయాలి, మెయిన్ లూప్ దాన్ని తీసుకోవాలి. ఈ చిన్న పనిలోనే అసలు పాఠాలన్నీ ఎదురవుతాయి.

ఒకటి చెప్తాను. 115200 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు) దగ్గర స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక బైట్‌కి 10 బిట్లు, అంటే సుమారు 87 మైక్రోసెకన్లు. మీ కంట్రోల్ లూప్ 1 మిల్లీసెకనుకోసారి తిరుగుతోంది, మధ్యలో డీబగ్ కోసం వంద అక్షరాల ప్రింట్ పెట్టారనుకోండి. ఆ ప్రింట్ పూర్తయ్యేదాకా ఆగే రకమైతే దానికే దాదాపు 8.7 మిల్లీసెకన్లు పడుతుంది. ఎనిమిది తొమ్మిది లూపులు ఎగిరిపోతాయి, మోటారు ఊగిసలాడుతుంది. మీరేమో పీఐడీ గెయిన్లు తప్పని వాటిని మారుస్తూ కూర్చుంటారు. ప్రింట్ తీసేస్తే జబ్బు మాయం, పెడితే హాజరు.

రెండోది సీ భాషలోని వొలటైల్ అనే పదం. ఇంటరప్ట్‌లో సెట్ అయ్యే ఫ్లాగ్ కోసం మెయిన్‌లో వైల్ లూప్ పెడితే, ఆప్టిమైజేషన్ లేనప్పుడు బాగానే నడుస్తుంది. ఆప్టిమైజేషన్ పెంచగానే ప్రోగ్రామ్ అక్కడే ఇరుక్కుపోతుంది. లూప్ లోపల ఆ వేరియబుల్‌ని ఎవరూ మార్చడం లేదు కాబట్టి కంపైలర్ ఒక్కసారే చదివి ఊరుకుంటుంది. వొలటైల్ అని రాస్తే ప్రతిసారీ మెమరీకి వెళ్లి చదువుతుంది. ఇది ఇంటర్వ్యూల్లో తరచుగా అడుగుతారు. "వొలటైల్ పెడితే చాలు, డేటా భద్రం" అని మాత్రం అనకండి. 8 బిట్ కంట్రోలర్ మీద 32 బిట్ కౌంటర్ చదువుతుంటే మధ్యలో ఇంటరప్ట్ వచ్చి సగం పాతది, సగం కొత్తది చేతికి రావొచ్చు. దానికి ఆ కాసేపు ఇంటరప్ట్ ఆపాలి.

క్వెరీ_బాబాయ్:
పిన్నిగారూ, మీరు చెప్పినదంతా ఒప్పుకుంటా. కానీ వారానికి పన్నెండు గంటలు పెట్టే మనిషికి అన్నిటికంటే ముందు అక్కరకొచ్చేది ఎస్‌క్యూఎల్. డేటా అనలిస్ట్, బ్యాకెండ్, టెస్టింగ్, సపోర్ట్ ఇంజనీర్, ఏ తలుపు తట్టినా అడుగుతారు. ఆరు వారాలు నిలకడగా చేస్తే పనికొచ్చే స్థాయికి వస్తుంది.

అందరూ పడే గుంటలు మూడున్నాయి. మెషీన్ల టేబుల్ ఒకటి, బ్రేక్‌డౌన్ల టేబుల్ ఒకటి ఉన్నాయనుకోండి. ఈ నెలలో ఒక్క బ్రేక్‌డౌన్ కూడా లేని మెషీన్లు కూడా జాబితాలో రావాలని లెఫ్ట్ జాయిన్ (జత దొరకని వరుసల్ని కూడా ఉంచేది) రాస్తారు. తర్వాత తేదీ షరతుని చివర వడపోసే వేర్ భాగంలో పెడతారు. బ్రేక్‌డౌన్ లేని మెషీన్‌కి ఆ తేదీ నల్ (విలువ లేదు), నల్‌తో పోలిక నిజం కాదు, కాబట్టి ఆ వరుసలన్నీ రాలిపోతాయి. లెఫ్ట్ జాయిన్ అని రాసి ఇన్నర్ జాయిన్ ఫలితం తీసుకున్నట్టు. షరతుని జాయిన్‌లోని ఆన్ భాగంలోకి జరపాలి.

రెండో గుంట: ఒక మెషీన్‌కి నాలుగు బ్రేక్‌డౌన్లు, మూడు సర్వీసులు ఉంటే, మూడు టేబుళ్లనీ ఒకేసారి జాయిన్ చేస్తే పన్నెండు వరుసలు వస్తాయి. దాని మీద మొత్తం ఆగిన గంటలు కూడితే మూడింతలు వస్తుంది. డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవాటిలో ఒక్కటే ఉంచేది) వేసి సర్దేయాలని చూస్తారు. అప్పుడు నిజంగానే సమానంగా ఉన్న రెండు గంటల లెక్కలు కూడా ఒకటైపోతాయి. సరైన పద్ధతి, ముందు బ్రేక్‌డౌన్లని మెషీన్ వారీగా గ్రూప్ చేసి కూడి, ఆ తర్వాత జాయిన్ చేయడం.

మూడోది నాట్ ఇన్ (ఆ జాబితాలో లేనివి అని అడగడం). లోపలి క్వెరీలో ఒక్క నల్ ఉన్నా ఒక్క వరుస కూడా రాదు, ఎర్రర్ కూడా రాదు. నాట్ ఎగ్జిస్ట్స్ అలవాటు చేసుకోండి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేసుకుని కొన్ని లక్షల వరుసల టేబుల్ సొంతంగా తయారుచేసి, ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో (క్వెరీ ఎలా నడిచిందో చూపే కమాండ్) ఇండెక్స్ ముందు, తర్వాత ప్లాన్ చూడండి. తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉన్నా, ఆ కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టి పోలిస్తే మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఎందుకో ప్లాన్ చూసి మీరే చెప్పగలిగితే, చాలా ఇంటర్వ్యూలకి అది సరిపోతుంది.

టార్క్‌రెంచ్:
చాలా థాంక్సండీ. బాబాయ్ గారి రెండో గుంట ఎక్సెల్‌లో కూడా చూస్తూనే ఉంటాం, పేరు తెలీదంతే. ప్రాజెక్టు సంగతి ఎవరైనా విడమరచి చెప్తారా? కంపనాల డేటాతో మెషీన్ లెర్నింగ్ చేసి బేరింగ్ లోపం పట్టుకోవడం అనుకుంటున్నాను. 99 శాతం ఆక్యురసీ వచ్చిన నోట్‌బుక్‌లు ఆన్‌లైన్‌లో బోలెడు.

కంపనాలు:
ఆ 99 శాతమే మీ ప్రాజెక్టు కావాలి, అంటే అది ఎందుకు నమ్మకూడదో చూపించడం. చాలామంది వాడేది కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ బేరింగ్ డేటా. డ్రైవ్ ఎండ్ బేరింగ్ మోడల్ నంబరు 6205. లోపాలు ఈడీఎంతో (విద్యుత్ స్పార్కులతో లోహం తొలిచే పద్ధతి) కావాలని చేసినవి, వ్యాసం 0.007, 0.014, 0.021 అంగుళాలు. లోడ్ 0 నుంచి 3 హార్స్‌పవర్, వేగం సుమారు 1797 నుంచి 1730 ఆర్‌పీఎం. శాంప్లింగ్ సెకనుకి 12,000, కొన్ని 48,000.

జరిగేది ఏమిటంటే, ఒక్కో రికార్డింగ్‌ని 1024 శాంపిళ్ల ముక్కలుగా, సగం సగం ఒకదానిమీద ఒకటి పడేలా కోస్తారు. తర్వాత ముక్కలన్నీ కలిపి యాదృచ్ఛికంగా ట్రెయిన్ (మోడల్‌కి నేర్పేవి), టెస్ట్ (పరీక్షించేవి) అని పంచుతారు. అప్పుడు టెస్ట్‌లో ఉన్న ముక్కలో సగం ట్రెయిన్‌లో ముందే ఉంటుంది. మోడల్ లోపాన్ని కాదు, ఆ రికార్డింగ్‌ని గుర్తుపడుతోంది. అతివ్యాప్తి తీసేసినా రోగం పూర్తిగా పోదు, ఎందుకంటే పక్క ముక్క కూడా అదే బేరింగ్, అదే బిగింపు, అదే రోజు.

సరే, లోడ్ వారీగా విడదీద్దాం అంటారు, 0, 1, 2 మీద నేర్పి 3 మీద పరీక్ష. మెరుగే, కానీ నాలుగు లోడ్లలోనూ ఉన్నది అదే దెబ్బతిన్న బేరింగ్. కాబట్టి లోపం సైజు వారీగా విడదీయండి: 0.007, 0.021 మీద నేర్పి, 0.014 మీద పరీక్షించండి. లోపం లేని బేరింగ్‌కి సైజు ఉండదు గనక దాన్ని మాత్రం లోడ్ వారీగా పంచక తప్పదు, ఆ పరిమితిని రీడ్‌మీలో (ప్రాజెక్టు వివరాల ఫైలు) రాయండి. స్కోరు ఎంత పడిపోయినా దాన్నే పైన పెట్టండి. మూడు రకాల విభజన, మూడు స్కోర్లు, ఎందుకు పడిందో ఒక పేరా. ఇది చదివిన ఇంజనీర్ మిమ్మల్ని పిలుస్తాడు.

ఇక మీ డిగ్రీ పలికే చోటు. 6205కి బయటి రేస్ (బంతులు దొర్లే బయటి రింగు) లోపం ఫ్రీక్వెన్సీ షాఫ్ట్ వేగానికి సుమారు 3.585 రెట్లు. 1797 ఆర్‌పీఎం అంటే 29.95 హెర్ట్జ్, లోపం దాదాపు 107.4 హెర్ట్జ్ దగ్గర కనిపించాలి. 12,000 శాంప్లింగ్‌తో 1024 ముక్క తీసుకుంటే ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) గీతల మధ్య దూరం 11.7 హెర్ట్జ్, షాఫ్ట్ రెండున్నర చుట్లే తిరిగింది. అంత ముతక గీతలతో 107ని కచ్చితంగా చూపలేరు. ఒక సెకను ముక్క తీసుకుంటే 1 హెర్ట్జ్ వస్తుంది. పైగా ముడి సిగ్నల్‌కి ఎఫ్‌ఎఫ్‌టీ వేస్తే 107 దగ్గర పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు. ప్రతి దెబ్బా కొన్ని వేల హెర్ట్జ్‌లో ఉండే రెజొనెన్స్‌ని మోగిస్తుంది. అందుకని ముందు ఆ రెజొనెన్స్ చుట్టూ ఉన్నవాటినే ఉంచే బ్యాండ్‌పాస్ ఫిల్టర్, తర్వాత హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్‌తో ఎన్వలప్ (సిగ్నల్ ఎత్తు పెరిగి తగ్గే తీరు), ఆ ఎన్వలప్‌కి ఎఫ్‌ఎఫ్‌టీ. పైథాన్ లైబ్రరీ సైపైలో ఇది ఇరవై లైన్లు దాటదు. ఏ న్యూరల్ నెట్‌వర్కూ లేకుండా పనిచేసే ఈ పద్ధతిని మోడల్ పక్కన నిలబెట్టి పోల్చండి.

ఫర్మ్‌వేర్_పిన్ని:
కంపనాలు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. సొంత సెన్సర్‌తో డేటా తీయాలని ఉంటే, శాంప్లింగ్‌కి ముందు అనలాగ్ ఫిల్టర్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సగం శాంప్లింగ్ వేగానికి పైనున్న ఫ్రీక్వెన్సీలు మడతపడి కిందికి దిగుతాయి, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టరూ వాటిని విడదీయలేదు.

స్తంభం_దూలం:
సివిల్ వాళ్లు కూడా చదువుతుంటారు కదా, వాళ్ల కోసం. రెవిట్ (భవనాల 3డీ మోడల్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి డైనమోతో (అందులో డబ్బాలు కలిపి ప్రోగ్రామ్ చేసే టూల్) మొదలుపెట్టి, పైథాన్ నోడ్లు, ఆ తర్వాత సీ షార్ప్‌లో రెవిట్ ఏపీఐ (వేరే కోడ్ నుంచి దాన్ని నడిపే దారి) అన్నది సహజమైన మెట్ల వరుస. రెవిట్ లేకుండా చేయాలంటే ఐఎఫ్‌సీ ఫైళ్లు (ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగల భవన మోడల్ ఫార్మాట్), వాటిని చదివే ఐఎఫ్‌సీఓపెన్‌షెల్ లైబ్రరీ. "ఈ మోడల్‌లో ఫైర్ రేటింగ్ రాయని తలుపులు ఎన్ని, ఏ అంతస్తులో" అని నివేదిక తీసే స్క్రిప్టు చిన్నదే కానీ నిజంగా అడిగే పని.

మ్యాపుల వైపు అయితే క్యూజీఐఎస్ (మ్యాప్ సాఫ్ట్‌వేర్), పోస్ట్‌జీఐఎస్ (పోస్ట్‌గ్రెస్‌కి మ్యాపుల జోడింపు). అక్కడ మొదటి ప్రమాదం కోఆర్డినేట్ సిస్టమ్. 4326 అనే అక్షాంశ రేఖాంశాల సిస్టమ్‌లో ఉన్న డేటా యూనిట్ డిగ్రీ. రోడ్డు చుట్టూ 100 మీటర్ల బఫర్ అనుకుని 100 అని ఇస్తే అది 100 డిగ్రీలు, ఖండాలు దాటేస్తుంది. పోస్ట్‌జీఐఎస్‌లో జియోగ్రఫీ టైప్ వాడాలి, లేదా మీటర్లలో ఉండే ప్రొజెక్షన్‌కి మార్చుకోవాలి. అలా అని వెబ్ మెర్కేటర్‌కి (ఆన్‌లైన్ మ్యాపుల ప్రొజెక్షన్) మార్చి దూరాలు కొలవొద్దు. దాని యూనిట్ మీటరే కానీ భూమధ్యరేఖకి దూరం జరిగేకొద్దీ సాగుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెట్టింపు కనిపిస్తుంది.

నా ఉద్దేశం ఒక్కటే. పాత రంగాన్ని వదిలేసి సున్నా నుంచి మొదలుపెట్టకండి, దాని పక్క గుమ్మంలోంచి లోపలికి రండి.

రాత్రి_పాళీ:
ఇక్కడ మాత్రం దూలం గారితో కొంచెం విభేదిస్తాను. పక్క గుమ్మం మంచిదే, కానీ కొన్ని గుమ్మాల వెనక గది ఉండదు. "ఆటోమేషన్ ఇంజనీర్" అని పిలిచి, ఒక్కరే కూర్చుని ఎవరూ చూడని స్క్రిప్టులు రాసే ఉద్యోగాలు చాలా ఉన్నాయి. రెండేళ్లు గడిచాక కోడ్ రివ్యూ అంటే తెలీదు, టెస్టులు రాయలేదు, ఇంకొకరి కోడ్ చదవలేదు. మళ్లీ మారాలంటే కొత్తవాళ్ల వరుసలోనే నిలబడాలి.

కాబట్టి ఆఫర్ ఒప్పుకునే ముందు అడగండి. కోడ్ గిట్‌లో ఉందా, షేర్డ్ డ్రైవ్‌లో ఉందా? నా మార్పుని కలిపే ముందు ఎవరు చూస్తారు? టెస్టులు తమంతట తాము నడుస్తాయా? కొత్త వెర్షన్ వాడుకరికి ఎలా చేరుతుంది, చెడితే వెనక్కి ఎలా తెస్తారు? మొదటి రెండిటికి సరైన జవాబు లేకపోతే జీతం ఎంతైనా ఆలోచించండి.

స్తంభం_దూలం:
ఆ నాలుగు ప్రశ్నలతో నాకు పేచీ లేదు. గుమ్మం ఎంచుకునేటప్పుడు అడగాల్సినవే. కానీ రెండేళ్ల సైట్ అనుభవం ఉన్న మనిషిని నిర్మాణ సాఫ్ట్‌వేర్ కంపెనీ చూసే చూపు వేరు, మామూలు వెబ్ కంపెనీ చూసే చూపు వేరు. మొదటి ఉద్యోగానికి ఆ తేడా పెద్దది.

టార్క్‌రెంచ్:
ఇంకో రెండు సందేహాలు. మ్యాట్‌ల్యాబ్ నుంచి పైథాన్‌కి వస్తే ఎక్కడ జాగ్రత్త పడాలి? ఏఐ టూల్స్ కోడ్ రాసేస్తున్నప్పుడు సమస్యలు చేత్తో సాధించడం ఇంకా అవసరమా?

ఇంటర్వ్యూ_బల్ల:
మ్యాట్‌ల్యాబ్ నుంచి వచ్చేవాళ్లకి ఇండెక్స్ 0 నుంచి మొదలవుతుందన్నది అందరూ చెప్తారు, అది రెండు రోజుల్లో అలవాటైపోతుంది. చప్పుడు చేయకుండా కొట్టేవి వేరే. పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో స్లైస్ (అర్రేలో ఒక ముక్క) తీసుకుంటే కాపీ రాదు, అసలు డేటా మీదికే కిటికీ వస్తుంది. స్లైస్‌లో విలువ మారిస్తే అసలు అర్రే మారిపోతుంది. కావాలంటే కాపీ అని అడగాలి. రెండోది రీషేప్. మ్యాట్‌ల్యాబ్ నిలువు వరుసల క్రమంలో నింపుతుంది, నంపై మామూలుగా అడ్డ వరుసల క్రమంలో. సైజు సరిపోతుంది గనక ఎర్రర్ రాదు, అంకెలు మాత్రం తారుమారు. మూడోది నక్షత్రం గుర్తు. నంపై అర్రేల మధ్య అది మూలకాల వారీ గుణకారం, మ్యాట్రిక్స్ గుణకారానికి ఎట్ గుర్తు.

ఏఐ సంగతి. వాడండి, దాచుకోనక్కర్లేదు. కానీ మీ ప్రాజెక్టులో ఏ లైన్ మీద వేలు పెట్టినా "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడుగుతాం. చెప్పలేకపోతే ఆ ప్రాజెక్టు రెజ్యూమేలో ఉండడమే నష్టం. దీనికో సాధన ఉంది: టూల్ రాసిచ్చిన ఫంక్షన్‌కి టెస్టులు మీరు చేత్తో రాయండి. ఖాళీ లిస్టు, ఒకే మూలకం, అన్నీ ఒకే విలువ, నల్, రుణ సంఖ్య. టూల్ కోడ్ ఎక్కడ తప్పుతుందో అక్కడే తెలుస్తుంది, మీకు ఎక్కడ అర్థం కాలేదో కూడా.

సమస్యల సాధన అవసరమే, వందలకొద్దీ అక్కర్లేదు. హ్యాష్ మ్యాప్, రెండు పాయింటర్లు, బైనరీ సెర్చ్, స్టాక్, బీఎఫ్ఎస్, డీఎఫ్ఎస్ (గ్రాఫ్‌లో వెతికే రెండు పద్ధతులు). ఇవి బలంగా వస్తే కొత్తవాళ్ల స్థాయి ఇంటర్వ్యూలు చాలామటుకు దాటొచ్చు. ముందు ఇన్‌పుట్ సైజు చూడటం నేర్చుకోండి. లక్ష మూలకాలుంటే లూప్ లోపల లూప్ అంటే 1000 కోట్ల పనులు. సాదా పైథాన్ లూప్ సెకనుకి కోటి అటూ ఇటూ చేస్తుంది. సార్టింగ్ తరహా పద్ధతైతే 17 లక్షలే. ఈ లెక్క నోటితో చెప్పి ఆ తర్వాత కోడ్ మొదలుపెట్టేవాళ్లని వినడానికే హాయిగా ఉంటుంది.

రెజ్యూమే ఒక్క పేజీ, ఒకే కాలమ్. రెండు కాలమ్‌ల డిజైన్లని స్కానింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు అడ్డంగా చదివి తేదీలు, కంపెనీలు కలగాపులగం చేస్తుంది. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి, అక్కడ క్రమం సరిగ్గా ఉంటే చాలు. పాత ఉద్యోగాన్ని దాచొద్దు. "ఎఫ్ఈఏ అనాలిసిస్ చేయడం" అని కాకుండా, "లోడ్ కేసుల ఫలితాలు చేత్తో ఎక్కించే పనిని పైథాన్ స్క్రిప్టుకి మార్చడం, యూనిట్ తేడాలు పట్టే తనిఖీ కలపడం" అని, నిజంగా చేసినదైతేనే, రాయండి.

క్వెరీ_బాబాయ్:
గిట్ దగ్గర ఒక హెచ్చరిక. డేటాబేస్ పాస్‌వర్డో, క్లౌడ్ కీనో పొరపాటున కమిట్ అయితే, తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో అలాగే ఉంటుంది. పబ్లిక్ రిపోజిటరీల్లో కీల కోసం వెతికే ప్రోగ్రాములు నిరంతరం తిరుగుతూనే ఉంటాయి. ముందు ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోండి, చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాత. మొదటి కమిట్‌కి ముందే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) పాస్‌వర్డ్లుండే ఎన్వ్ ఫైలు పేరు పెట్టేయండి.

టార్క్‌రెంచ్:
అయితే ఇలా అనుకుంటున్నాను: మొదటి ఆరు వారాలు ఎస్‌క్యూఎల్, పైథాన్. తర్వాత ఎనిమిది వారాలు బేరింగ్ ప్రాజెక్టు, దాని ఫలితాలు ఇచ్చే చిన్న ఏపీఐ, డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి ప్యాక్ చేసే టూల్). చివర్లో ఇంటర్వ్యూ సాధన. గురి, యంత్రాల డేటాతో పనిచేసే కంపెనీల్లో బ్యాకెండ్ లేదా డేటా రోల్.

రాత్రి_పాళీ:
గురి బాగుంది. ఇంటర్వ్యూ సాధనని చివరికి నెట్టకండి, మొదటి వారం నుంచే వారానికి రెండు గంటలు. డాకర్‌లో బేస్ ఇమేజ్‌కి లేటెస్ట్ అని రాయకుండా వెర్షన్ రాయండి, లేకపోతే మూడు నెలల తర్వాత ఎవరైనా బిల్డ్ చేస్తే వేరే పైథాన్ వచ్చి విరిగిపోవచ్చు. ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఆగి దరఖాస్తులు పెట్టాలని కూడా అనుకోవద్దు. మొదటి విభజన, మొదటి స్కోరు వచ్చిన రోజే మొదలుపెట్టండి. ఎక్కడ ఆగుతున్నారో తెలుస్తుంది: పిలుపులే రాకపోతే లోపం రెజ్యూమేలో, కోడింగ్ రౌండ్‌లో ఆగితే సాధనలో, ఆఖరి రౌండ్‌లో ఆగితే ప్రాజెక్టు వివరించడంలో.

ఇంటర్వ్యూ_బల్ల:
ఇప్పుడున్న ఉద్యోగంలోని డ్రాయింగులు, టెస్ట్ డేటా, అక్కడ రాసిన మాక్రోలు ఏవీ పబ్లిక్ రిపోజిటరీలోకి తేవద్దు, పేర్లు మార్చినా సరే. అవి కంపెనీవి. అలాంటివి చూస్తే రేపు మా డేటాకీ ఇదే గతి అనుకుంటాం. కొన్ని ఉద్యోగ ఒప్పందాల్లో ఖాళీ సమయంలో రాసిన కోడ్ మీద కూడా కంపెనీకి హక్కుంటుందని రాసి ఉంటుంది. ఆ క్లాజు ఉందో లేదో చూసుకుని, కంపెనీ ల్యాప్‌టాప్ కాకుండా సొంత ల్యాప్‌టాప్ మీద, సొంత ఈమెయిల్‌తో మొదలుపెట్టండి.